రంగం ఓడల ఫొటోల్లో మనవాళ్ళు

కోనసీమ చరిత్ర అనగానే కొబ్బరి తోటలు, కాటన్ దొర, వేదపండితులు. వీటికి పుస్తకాలకేం కొదవలేదు. కాకినాడ రేవులో పొగ ఓడెక్కి బంగాళాఖాతం దాటిన మాల, మాదిగ కూలీలకు మాత్రం పుస్తకం లేకపోయినా ఫొటో ఉంది. అది మన పేటల్లో లేదు, బ్రిటన్ ఆర్కైవుల్లో ఉంది. ఆ ఫొటోలను ఎలా చదవాలన్నదే ఇక్కడ మేము చెప్పబోయేది.

ముందు వేసవి సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, భూమి ఉన్నవాడికి వరి పండింది. ఎండాకాలం మరమ్మతులకి కాలవ కట్టేస్తే పడవా ఆగేది, పనీ ఆగేది. భూమిలేని పాలేరుకి అప్పు ఒక్కటే ఆగేది కాదు. అటు బర్మాలో డిసెంబరు, జనవరిల్లో కోతలు, ఆ తర్వాత వేసవి దాకా బియ్యం మిల్లుల పని. మేస్త్రీ అడ్వాన్సిచ్చి జట్టు కట్టేవాడు, ఆ బాకీ కూలిలో కోసుకునేవాడు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లలో డెక్కు మీదే తిండీ, నిద్రా. కోతలకెళ్ళినవాళ్ళలో చాలామంది మిల్లుల సీజను అయ్యాక వేసవిలో తిరిగొచ్చేవాళ్ళు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అన్నారు. 1931 లెక్కల్లో ఆ నగరం జనాభా 4 లక్షలైతే అందులో 2 లక్షల 12 వేల మంది భారతీయులే.

ఫొటోలు తీసిందెవరు? జర్మన్ క్లియర్ 1870లలో మౌల్మేన్‌లో స్టూడియో పెట్టి తర్వాత రంగూన్ చేరాడు. అహూజా రంగుల పోస్టుకార్డులు అమ్మాడు. కొన్నది దొరలూ, ప్రయాణికులూ. ఆనాటి ప్లేటుకి వెలుతురు బాగా కావాలి, మనిషి కదిలితే బొమ్మ మసక. కాబట్టి బస్తా మోస్తున్నట్టు కనపడే మనిషి చాలాసార్లు బస్తాతో ఆగి నిలబడ్డవాడే. ఆ బరువు కింద ఎంతసేపు నిలబెట్టారో ఆలోచించండి! కాలవల, లాకుల ఫొటోల్లోనూ కూలీ ఉంటాడు, కట్టడం ఎత్తు తెలియడానికి కొలబద్దలాగా.

పేర్ల విషయం మరీ ముఖ్యం. బర్మా ఇంగ్లీషులో తెలుగు కూలీ పేరు 'కోరంగీ'. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే మనిషికి అంటగట్టారు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు వేశాడు. అక్కడ బొమ్మ కింద ఎక్కువగా కులం పేరే. ఒకచోట కులం పోయి కూలీ మిగిలాడు, మరోచోట మనిషి పోయి కులం మిగిలింది. ఆ మనిషి పేరు రెండు చోట్లా లేదు. ఆడవాళ్ళ సంగతి సరేసరి. వెళ్ళినవాళ్ళలో వాళ్ళు కొద్దిమందే. పేటలో ఉండి బాకీదారుకి జవాబు చెప్పినవాళ్ళ దగ్గరికి ఏ కెమెరా రాలేదు.

1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళని తీసేశారు, అల్లర్లు రేగాయి, తెలుగువాళ్ళు చచ్చారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక లక్షల మంది అరకాన్, అస్సాం దారుల్లో నడిచారు. ఆ నడకలో ఫొటో మోసుకొచ్చినవాళ్ళెంతమంది?

2022 మే 24న, ఇంకో వేసవిలో, జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఈ నేల మీద ఎవరి పేరుండాలన్న తగువు పాతదే.

అందుకే టీచర్లకి, విద్యార్థులకి మేము చెప్పేది: రాజోలు, కొత్తపేట, అమలాపురం పేటల్లో ట్రంకుపెట్టెల్లో రంగం ఫొటో ఏదైనా ఉందేమో ముసలివాళ్ళని అడగండి. అసలు ఫొటో పట్టుకుపోవద్దు, నకలు తీసుకోండి. నకలు వెనక సిరాతో కాకుండా పెన్సిలుతో ముందు మనిషి పేరు, తర్వాత పేట, ఏ ఏడు వెళ్ళారో రాయండి. ఏడు తెలియకపోతే ఏ తుఫానుకి ముందో అడగండి, చెబుతారు.