విండోస్ వదిలేసి లినక్స్‌కి మారాలా? పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. అంటే ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, పని చేస్తుంది. కానీ మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక రావు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ ప్రోగ్రామ్‌లో చేరిన పర్సనల్ పీసీలకు 2026 అక్టోబర్ వరకు ఊరట ఉంది, అంతే.

పోనీ విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ లేదా ఆ పైది ఉండాలి. మా బాబాయి కొడుకుది 6వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్. బీటెక్ ఫైనలియర్. "అన్నయ్యా, ల్యాప్‌టాప్ బాగానే ఉంది కదా, దీన్ని మూలన పడేయాలా? ఇప్పుడు కొత్తది కొనమని నాన్నని అడగలేను" అన్నాడు. అలా మొదలైంది ఈ కథ. ఆ ల్యాప్‌టాప్‌కి లినక్స్ వేశాం. ఆరు నెలల్లో ఏం బాగుంది, ఎక్కడ దెబ్బ తిన్నాం అనేది ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు రెండు ముక్కల్లో లినక్స్ గురించి

1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ పేరు లినక్స్. దాని చుట్టూ డెస్క్‌టాప్, యాప్స్ అన్నీ చేర్చి ఇచ్చే ప్యాకేజీని డిస్ట్రో అంటారు. ఉబుంటు, మింట్, ఫెడోరా, జోరిన్... ఇలా వందల్లో ఉన్నాయి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది కూడా లినక్స్ కెర్నలే. కాబట్టి మీరు దీనికి పూర్తిగా కొత్తేం కాదు.

మేం వేసింది లినక్స్ మింట్ 22. కింద ట్యాస్క్‌బార్, ఎడమ మూలన మెనూ ఉంటాయి కాబట్టి విండోస్ అలవాటున్నవాళ్లు తడబడరు. ఈ సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

నచ్చినవి

స్పీడ్: మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు, హాయిగా వాడాలంటే 4 జీబీ. 8 జీబీ ఉన్న మా వాడి ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్, కోడ్ ఎడిటర్, యూట్యూబ్ ఒకేసారి తెరిచినా నత్తనడక లేదు. ఒక్క మాట మాత్రం నిజం: మేం హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టాం. వేగంలో సగం క్రెడిట్ దానిదే.

అప్‌డేట్లు మన చేతిలో: సరిగ్గా ప్రెజెంటేషన్ టైమ్‌కి "రీస్టార్ట్ అవుతోంది" అనే బెడద లేదు. ఎప్పుడు వేసుకోవాలో మనమే చెప్తాం. ఏదైనా తేడా కొడితే వెనక్కి వెళ్లడానికి టైమ్‌షిఫ్ట్ అనే టూల్ మింట్‌తోనే వస్తుంది.

కోడింగ్: పైథాన్ దాదాపు ప్రతి డిస్ట్రోలో ముందే ఉంటుంది. జీసీసీ, గిట్, డాకర్ లాంటివి టెర్మినల్‌లో ఒకటి రెండు కమాండ్లతో వచ్చేస్తాయి. రేపు ఉద్యోగంలో చేరాక మీ కోడ్ నడిచే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే కాబట్టి ఈ అలవాటు ఊరికే పోదు.

తెలుగు: ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ కలుపుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశారు.

ఖర్చు: సున్నా. క్రాక్ ఫైళ్లు, యాక్టివేటర్ల పేరుతో మాల్‌వేర్ తెచ్చుకునే పనీ లేదు. అలాగని లినక్స్‌కి ప్రమాదమే లేదనుకోకండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పట్టడం గమనించి తీగ లాగితే డొంక కదిలింది.

దెబ్బ తిన్న చోట్లు

అసలు విషయం ఇక్కడుంది. ఓ కంపెనీ ప్లేస్‌మెంట్ టెస్ట్‌కి రెండ్రోజుల ముందు మా వాడికి మెయిల్ వచ్చింది: ఎగ్జామ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే పనిచేస్తుందని. అప్పటికే విండోస్ మొత్తం చెరిపేశాం. చివరికి రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడుక్కుని రాశాడు. చాలా ప్రాక్టర్డ్ ఎగ్జామ్స్ పరిస్థితి ఇంతే. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి విండోస్, మ్యాక్, ఐప్యాడ్ వెర్షన్లు ఉన్నాయి గానీ లినక్స్‌కి లేదు.

ఆఫీస్ ఫైళ్లు: లిబ్రే ఆఫీస్ మామూలు పనికి చక్కగా సరిపోతుంది. కానీ కాలేజీ ఇచ్చిన ప్రాజెక్ట్ రిపోర్ట్ టెంప్లేట్ తెరిస్తే టేబుళ్లు, పేజీ నంబర్లు పక్కకి జరిగాయి. బ్రౌజర్‌లో వర్డ్ ఆన్‌లైన్ వాడి సర్దుకున్నాం. మ్యాక్రోలున్న ఎక్సెల్ షీట్లతో బతికేవాళ్లకి మాత్రం ఇది కుదరదు.

ప్రొఫెషనల్ యాప్స్: ఫొటోషాప్, ప్రీమియర్ ప్రో లినక్స్‌కి రావు. ట్యాలీ విండోస్ కోసం తయారైంది. మీ ఇంట్లో డీటీపీ పని ఉండి అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ మీద నడుస్తుంటే ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకండి. వైన్‌తో తంటాలు పడి, పెళ్లి కార్డు ఆర్డర్ మధ్యలో ఒత్తులు ఊడిపోతే కస్టమర్‌కి మీరు చెప్పుకోలేరు.

గేమ్స్: 2018లో వాల్వ్ ప్రోటాన్ తెచ్చాక సింగిల్ ప్లేయర్ గేమ్స్ కష్టాలు చాలావరకు తీరాయి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా నడుస్తాయి. సమస్యంతా యాంటీ చీట్‌తోనే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ ఆడలేరు. అపెక్స్ లెజెండ్స్ 2024లో లినక్స్‌కి తలుపులు మూసేసింది. మీ గ్యాంగ్ అంతా రోజూ రాత్రి వాలరెంట్‌లో కలుస్తుంటే మారే ముందు బాగా ఆలోచించుకోండి.

హార్డ్‌వేర్: మా వాడి ల్యాప్‌టాప్‌లో ఫింగర్‌ప్రింట్ సెన్సర్ ఇప్పటికీ పనిచేయట్లేదు. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైఫై చిప్‌లకి డ్రైవర్ విడిగా వేసుకోవాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ ఉంటే డ్రైవర్ మేనేజర్‌లో ఒకసారి చూసుకోవాల్సిందే.

మీరు చేయకూడని తప్పు

ఇది నా సొంత గొడవ. కొన్నేళ్ల కిందట మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు "ఎరేజ్ డిస్క్" అన్న ఆప్షన్ చూసి, సీ డ్రైవ్ ఒక్కటే పోతుందిలే అనుకుని నెక్స్ట్ కొట్టేశా. డీ డ్రైవ్ కూడా అదే డిస్క్‌లో ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు. నాన్న రిటైర్మెంట్ ఫంక్షన్ ఫొటోలు అందులోనే ఉన్నాయి. అవి మళ్లీ దొరకలేదు. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఇంకా బాధనిపించింది.

అందుకే ఈ వరుసలో వెళ్లండి:

1. ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్ట్ ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండు మూడు తెరిచి చూడండి.
2. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.
3. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ లేదా వెంటాయ్‌తో మింట్ ఐఎస్‌ఓ వేయండి.
4. ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్ మోడ్‌లో నడపండి. వైఫై, సౌండ్, కెమెరా, బ్లూటూత్ అన్నీ పరీక్షించండి.
5. నచ్చితే డ్యూయల్ బూట్ పెట్టండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం మర్చిపోకండి. డ్యూయల్ బూట్ తర్వాత విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే కంగారు వద్దు, అది గడియారం సెట్టింగ్ తేడా మాత్రమే.

ఇంతకీ ఎవరు మారాలి?

- పాత ల్యాప్‌టాప్, బ్రౌజింగ్, కోడింగ్, సినిమాలు: ధైర్యంగా మారండి.
- ప్లేస్‌మెంట్స్ సీజన్‌లో ఉన్న స్టూడెంట్స్: డ్యూయల్ బూట్ మాత్రమే.
- విండోస్ 11 బాగా నడుస్తోంది, లినక్స్ నేర్చుకుంటే చాలు: డబ్ల్యూఎస్‌ఎల్ వాడండి, ఏదీ చెరపక్కర్లేదు.
- అడోబ్, ట్యాలీ, అను స్క్రిప్ట్, ఆన్‌లైన్ కాంపిటీటివ్ గేమ్స్: ఇప్పటికి వద్దు.

మా వాడు ఇప్పుడు 80 జీబీ విండోస్‌కి వదిలి, మిగతాదంతా మింట్‌కి ఇచ్చాడు. విండోస్‌లోకి ఎగ్జామ్ ఉన్న రోజే వెళ్తాడు. పది నెలలకో ఏడాదికో ఉద్యోగం వస్తే కొత్త ల్యాప్‌టాప్ తన జీతంతోనే కొంటానంటున్నాడు. అప్పటిదాకా ఈ పాతది అతన్ని నడిపిస్తే చాలు. ఇప్పటికైతే బాగానే నడిపిస్తోంది.