తీగెలలో వ్యర్థమగు విద్యుచ్ఛక్తి - లెక్కించు విధము

కాలువకు గండి పడిన నీరు పోవుట కన్నులకు కనబడును. వెంటనే గట్టు వేయుదుము. మోటారునకు పోవు తీగెలలో విద్యుచ్ఛక్తి నష్టమగుట కనబడదు. తీగె వేడెక్కును, ఆ వేడి గాలిలో కలిసిపోవును. అయినను ఆ నష్టమును రైతు తానే లెక్కించుకొనవచ్చును.

తీగెలో పారు ప్రవాహపు ఆంపియర్లను వానితోనే హెచ్చించి, వచ్చిన దానిని తీగె నిరోధమగు ఓములచే మరల హెచ్చింపవలెను. ఆ తీగెలో నష్టమగు వాట్లు తేలును. ఈ సూత్రమును జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను.

ట్రాన్స్‌ఫార్మరునకు 500 మీటర్ల దూరమున 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు కలదనుకొందము. అది సుమారు 8 ఆంపియర్లు తీసికొనును. 20 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగెకు ఆ దూరమునకు నిరోధము దాదాపు 0.7 ఓము. 8ని 8చే, మరల 0.7చే హెచ్చింపగా సుమారు 45 వాట్లు. మూడు తీగెలకు 134 వాట్లు. ఇది స్వల్పమే.

అదే తీగెల చివర నాలుగు మోటార్లు నడచినచో ప్రవాహము 32 ఆంపియర్లగును. నష్టము 4 రెట్లు కాదు, 16 రెట్లు పెరిగి 2,150 వాట్లగును. అనగా ఒక మోటారు తీసికొను శక్తిలో దాదాపు సగము. చివర వోల్టేజియు 415 నుండి 30 వోల్టులకు పైగా తగ్గును. అంతట మోటారు మరింత ప్రవాహమును లాగి, వేడెక్కి, పైరునకు నీరు కావలసిన దినముననే కాలిపోవును.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. కాబట్టి ఈ నష్టము మనది కాదనుట పొరపాటు. బిల్లు లేకున్నను, కాలిన మోటారు చుట్టించు కూలి మనదే, ఎండిన మడియు మనదే.

నివారణోపాయములు రెండు. మొదటిది, ప్రతి మోటారు వద్దను తగిన కెపాసిటరు పెట్టించుట. 5 అశ్వశక్తుల మోటారునకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టినచో పవర్ ఫ్యాక్టరు 0.80 నుండి 0.95 వరకు పెరిగి, తీగెల నష్టము నూటికి 29 వంతులు తగ్గును. దీనిని పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను.

రెండవది, 11,000 వోల్టుల తీగెను నూతుల దాపునకు తెచ్చి, అచట చిన్న ట్రాన్స్‌ఫార్మరును నిలుపుట. వోల్టేజి హెచ్చినకొలది ప్రవాహము తగ్గును. అదే తీగెలో అదే శక్తి ఆ వోల్టేజిన పోయినచో నష్టము సుమారు 700వ వంతు మాత్రమే.

కావున సభ్యులు తమ తీగెల దూరము కొలిచి, మోటార్లు లెక్కించి, పైరీతిని గుణించి చూతురుగాక. ఒక్క తీగెపై ఆధారపడిన రైతులందరు ఆ లెక్కతో కలిసి అర్జీ పెట్టుకొనుట మేలు. ఒంటరి ఫిర్యాదుకంటె నలుగురి లెక్కకు బలమెక్కువ.