పదాభినయంలో ఆడగొంతు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల విద్యార్థుల చెవిన మూడు భాషలు పడుతూనే ఉంటాయి. తెలుగులో 'రారా', తమిళంలో 'వాడా', కన్నడంలో 'బారో' - పిలుపు ఏ భాషలో ఉన్నా, పిలిచేది మగవాణ్ణనీ, చనువుతోననీ మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ చిన్న మాట ఆధారంగానే క్షేత్రయ్య పదాలలోని శృంగారాన్ని కొంత వివరించుకోవచ్చు.

తెలుగులో ఉత్తమపురుష క్రియకు లింగభేదం లేదు. 'వచ్చాను' అని స్త్రీ అన్నా పురుషుడన్నా రూపం ఒకటే. కనుక పదంలో పలికేది ఎవరో క్రియను బట్టి తేలదు. ఎవరితో పలుకుతున్నారో చూడాలి. 'రా' వినబడితే నాయిక నాయకునితో మాట్లాడుతున్నది, 'ఏ' వినబడితే చెలికత్తెతో. పదిహేడవ శతాబ్దపు క్షేత్రయ్య, దేవుడైన మువ్వగోపాలుణ్ణి 'రా' అని పిలిచే చొరవ తన నాయికకు ఇచ్చాడు. ఆమె కోరుతుంది, నిలదీస్తుంది, ఒక్కొక్కప్పుడు వాకిటి నుంచే పంపివేస్తుంది.

పదాన్ని విళంబకాలంలో పాడతారు. ఒకే పాదాన్ని గాయకులు మళ్ళీ మళ్ళీ పాడుతూ ఉంటే, నర్తకి ఒక్కొక్కసారి ఒక్కొక్క భావం చూపుతుంది. ఒకసారి ఆహ్వానమైన 'రారా' మరొకసారి ఎత్తిపొడుపు అవుతుంది. ఈ విస్తరణనే సంచారి అంటారు. కళావంతులు కూర్చునే పదాలు అభినయించేవారు. చూపు, చేయి, పెదవి చాలు. ఇక్కడ శృంగారమంటే దేహప్రదర్శన కాదు, స్త్రీ తన ఇష్టాయిష్టాలను తానే చెప్పడం.

అయితే ఆ పదాలు రాసినది పురుషుడు. స్త్రీయే కలం పట్టినప్పుడు ఏమైంది? తంజావూరులో ప్రతాపసింహుని కాలంలో (1739-63) వేశ్యాకులానికి చెందిన ముద్దుపళని రాధ కోరికను, అలకను 'రాధికాసాంత్వనము'గా రచించింది. వీరేశలింగం పంతులు ఆ గ్రంథంలోని శృంగారాన్ని గర్హించారు. మీకు దగ్గరలోనే ఉన్న బెంగుళూరును పేరులో ధరించిన నాగరత్నమ్మ (1878-1952), పాత ముద్రణలో విడిచిపెట్టిన పద్యాలను చేర్చి 1910లో దానిని ప్రకటించింది. సిగ్గు ఆడవారికేనా, మగవారికి అక్కరలేదా అని పంతులుగారిని ప్రశ్నించింది. ఆయన మెచ్చిన పురుషుల కావ్యాలలోనూ అంత శృంగారం ఉందని ఆమె వాదన. ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది.

ఆ నిషేధం 1947లో తొలగింది. అదే ఏడు మద్రాసు రాష్ట్రంలో దేవదాసీల సమర్పణను నిషేధించే చట్టమూ వచ్చింది; అప్పటి సేలం జిల్లాలోని హోసూరు, కృష్ణగిరి కూడా దాని కిందికి వచ్చాయి. బాలికలను సమర్పించే ఆచారం పోవలసినదే. కాని పుస్తకానికి విడుదల దొరికిన ఏడాదే, ఆ పదాలను తరతరాలుగా నిలిపిన స్త్రీలకు వేదిక కరువైంది. పదాలు ఇతర కుటుంబాల నర్తకులకు చేరాయి. అక్కడ శృంగారాన్ని జీవాత్మ పరమాత్మల కలయికగానే వివరించడం పరిపాటి అయింది. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బాలసరస్వతి (1918-84) మాత్రం శృంగారాన్ని ఎవరూ శుద్ధి చేయనక్కరలేదని కడవరకు నిలిచింది.

ఈసారి పదం వినేటప్పుడు 'రా', 'ఏ' ఎక్కడ వచ్చాయో గుర్తు పెట్టుకోండి. భక్తి అర్థం వెతకడానికి ముందు, ఆ స్త్రీ ఎవరితో ఏమంటున్నదో వినండి.