పద్యం పుస్తకంలో ఉంటుందా, నోట్లో ఉంటుందా?

పిల్లలూ! మీ తెలుగు వాచకంలో పద్యాలున్నాయి గదా. ఆ పద్యం అసలు ఎక్కడ ఉన్నట్టు? పుస్తకంలోనా, లేక చదివేవారి నోట్లోనా? జవాబు వెతకటానికి గోదావరి డెల్టాకు పోదాం, రండి.

మండపేట నుంచి ద్వారపూడి మీదుగా రాజమండ్రి వైపు వెళితే, దారిలో కడియం తగులుతుంది. ఇప్పుడు ఆ ప్రాంతం పూలమొక్కల తోటలకు ప్రసిద్ధి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో అక్కడే పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద చదువుకున్నారు. తరవాత జంటగా కవిత్వం చెప్పి, తిరుపతి వేంకట కవులని పేరు పొందారు.

"కవిత్వం చెప్పి" అన్నాను, గమనించారా? మన భాషలో కవి పద్యం రాసినా, "పద్యం చెప్పాడు" అనే అంటాం!

ఈ జంటకవులు ఊరూరా అవధానాలు చేశారు. శతావధానమంటే మాటలు కాదు. సభలో నూరుమంది పృచ్ఛకులు, అంటే అడిగేవారు, ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం ఇస్తారు. అవధాని మొదటివారికి ఒక్క పాదమే చెప్పి, రెండోవారి వైపు తిరుగుతాడు. అందరికీ ఒక్కొక్క పాదం అయ్యాక, మళ్లీ మొదటివారికి రెండో పాదం! ఇలా నాలుగు చుట్లు తిరిగితే నూరు పద్యాలవుతాయి. ఆ తరవాత వాటన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. అవధాని చేతిలో కాగితమూ ఉండదు, కలమూ ఉండదు.

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పద్యానికి 80. నూరు పద్యాలూ ఉత్పలమాలలే అనుకుంటే 8,000 అక్షరాలు! అంతా ఎలా గుర్తుంటుంది? అందుకు పద్యమే సాయపడుతుంది. నాలుగు పాదాలలోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. అది ప్రాస. పాదంలో పదో అక్షరం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. అది యతి. ఒక మాట జారిపోయి, దాని చోట మరొకటి వచ్చిందంటే నడక కుంటుపడుతుంది. ఆ తప్పును చెవి ఇట్టే పట్టేస్తుంది.

అయితే పద్యానికి నోరూ చెవీ ఉంటే చాలునా? చాలదు. అవధాని చెప్పే పాదాన్ని పృచ్ఛకుడు కాగితం మీద రాసుకుంటాడు. ధారణ సమయాన ఆ కాగితమే సాక్షి! సభ ముగిసి, అందరూ ఇళ్లకు పోయాక, ఎవరూ రాసుకోని పద్యం గాలిలో కలిసిపోయినట్టే. ఆ జంటకవుల అవధాన పద్యాలు "శతావధానసారము" అనే పుస్తకంలో అచ్చయ్యాయి కనుకనే, మనం ఈనాడు వాటిని చదవగలుగుతున్నాం.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వారు పాండవోద్యోగ, పాండవ విజయ నాటకాలు రాశారు. నటులు ఆ పద్యాలను హార్మోనియం శ్రుతిలో రాగం తీసి పాడారు. జనం "వన్స్ మోర్" అంటే మళ్లీ పాడారు. అక్షరం ముక్క రానివారు కూడా విని విని వాటిని కంఠస్థం చేశారు. పుస్తకం బీరువాలోనే ఉండిపోతే, పద్యం వారి దాకా చేరేదేనా?

రంగస్థలం మీద ఒక్కొక్కప్పుడు రాగం మరీ సాగి, మాట వినపడకుండా పోతుంది. అప్పుడు అర్థం కావాలంటే పుస్తకం తెరవవలసిందే. పుస్తకంలోనేమో రాగం కనపడదు!

తిరుపతిశాస్త్రిగారు 1920లోనూ, వేంకటశాస్త్రిగారు 1950లోనూ కన్నుమూశారు. వారి గొంతులు మనం నేరుగా వినలేం. కాని వారి పద్యాలు పుస్తకాలలో మన కోసం కాచుకుని ఉన్నాయి. గొంతు ఇవ్వవలసింది మనమే.

మీరొక పని చేయండి. వాచకంలో ఒక పద్యాన్ని మనసులో చదవండి. తరవాత పైకి మూడుసార్లు చదవండి. పుస్తకం మూసి, ఆ పద్యాన్ని రాయండి. ఎక్కడ ఆగిపోయారో చూసుకుని, అక్కడ యతిప్రాసలను వెతకండి. అవి మిమ్మల్ని చెయ్యి పట్టుకుని ముందుకు నడిపిస్తాయి!