కళాశాలకు రాకుండానే ఇంటర్మీడియెట్

తిరుమల అంగళ్లలో కొలువు చేసే యువకునికి, పదవ తరగతితోనే చదువు నిలిచిన మన ఇండ్ల ఆడపిల్లలకు ప్రతిదినం కళాశాలకు రావడం వీలుపడదు. 1971లో ఏర్పడిన ఇంటర్మీడియెట్ బోర్డు అట్టివారికి హాజరు మినహాయింపు కల్పిస్తున్నది. నిర్ణీత రుసుము చెల్లించి ప్రయివేటుగా పరీక్ష వ్రాయవచ్చును. అయితే ఈ వెసులుబాటు ఆర్ట్స్ గ్రూపులకే. ప్రయోగశాలలో చేతులతో నేర్వవలసిన రసాయనశాస్త్రం పుస్తకాలలో దొరకదు గదా! సైన్సు చదివినవారు సైతం ఈ మార్గాన ఆర్ట్స్‌కు మారవచ్చును. ద్వితీయభాషగా ఉర్దూను ఎన్నుకోవచ్చును.

1968లో వెలసిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు ఈ ఒంటరి చదువును సుగమం చేశాయి. అయినా చిక్కంతా వ్రాతలోనే ఉన్నది. చదివినదంతా వచ్చినట్లే తోస్తుంది. గడియారం ముందుంచుకొని మూడు గంటలు వ్రాసినగాని లోపం బయటపడదు. దిద్దేవారు లేకపోవడమే ప్రయివేటు విద్యార్థి అసలు పేదరికం. జవాబులు వ్రాసి తెస్తే, మా తెలుగు శాఖలో ఎవరమైనా దిద్దియిస్తాము.