చిరునామా మారినా పుట చేరాలి: వెబ్ సర్వర్ నియమాల ప్రయోజనం

ఉత్తర్వులు, దరఖాస్తు నమూనాలు, పరీక్షా ఫలితాలు ప్రజలకు అందించుటలో వెబ్‌సైట్లు ప్రధాన సాధనాలైన విషయం విదితమే. అయితే వెబ్‌సైటును పునర్నిర్మించినప్పుడల్లా పుటల చిరునామాలు మారుట, కరపత్రంలో ముద్రించిన పాత చిరునామాను నమ్ముకున్న పౌరునికి ‘404 - పుట లభించలేదు’ అన్న సమాధానం ఎదురగుట పరిపాటి. పింఛను దరఖాస్తు కోసం మండల కేంద్రానికి వచ్చిన వృద్ధునికి ఆ పూట వృథాయే. సర్వర్‌లో కొద్ది పంక్తుల నియమాలను పొందుపరచి ఈ ఇబ్బందిని నివారించవచ్చును.

1995లో వెలువడిన అపాచీ సర్వర్‌కు చిరునామాలను తిరగరాసే ‘రీరైట్’ విభాగాన్ని రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996లో రూపొందించారు. 2004లో విడుదలైన ఎన్జిన్‌ఎక్స్‌లోనూ ఇట్టి సదుపాయం కలదు. వచ్చిన అభ్యర్థనను సర్వర్ ముందుగా నియమాలతో సరిపోల్చి, పాత చిరునామా అయినచో కొత్తదానిని బ్రౌజరుకు తెలియజేస్తుంది. శాశ్వత మార్పునకు 301, తాత్కాలిక మార్పునకు 302 సంకేతాలు నిర్దేశింపబడినవి. 301ను బ్రౌజరు గుర్తుంచుకొనును గనుక, పొరపాటున తప్పు చిరునామా ఇచ్చినచో సర్వర్‌లో సరిదిద్దిన పిదప కూడా ఆ తప్పు పాఠకుని కంప్యూటర్‌లో కొనసాగవచ్చు. అందువలన తొలుత 302తో పరీక్షించుట శ్రేయస్కరం. పాత చిరునామాలన్నింటినీ మొదటి పుటకు మళ్లించుట సులభమే గానీ, అది ఫైలు కోసం వచ్చినవారిని కార్యాలయం గేటు వద్ద వదిలివేయుట వంటిది.

నియమాలు పైనుండి క్రిందికి వరుసగా అమలగును. అన్నింటికీ వర్తించే నియమం పైన ఉన్నచో, దిగువనున్న ప్రత్యేక నియమం వంతు రాకపోవచ్చు. పాతది కొత్తదానికి, కొత్తది తిరిగి పాతదానికి మళ్లినచో బ్రౌజరు కొన్ని పర్యాయాలు తిరిగి విరమించుకొనును. ఫోల్డరులో ఉంచే హెచ్‌టీయాక్సెస్ ఫైలును అపాచీ ప్రతి అభ్యర్థనకూ చదువును గనుక, ప్రధాన ఆకృతీకరణ ఫైలులో వ్రాసే వీలున్నచోట అక్కడే వ్రాయుట మేలు.

తెలుగు చిరునామాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పట్టును. ‘తెలుగు’ అన్న పదంలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలున్నందున, శాతం గుర్తులతో కూడిన రూపంలో అది 54 అక్షరాలగును. అపాచీ రీరైట్ నియమం ఈ రూపాన్ని గాక, విప్పిన తెలుగు రూపాన్నే సరిపోల్చును. బ్రౌజరు నుండి నకలు చేసిన శాతం గుర్తుల వరుసను నియమంలో అతికించి, అది పనిచేయలేదని విసుగు చెందేవారు లేకపోలేదు.

ఫలితాల రోజున రద్దీ మితిమీరినచో, కొంత వ్యవధి తరువాత రమ్మని సూచిస్తూ 503 సంకేతం పంపవచ్చును. ఒకే చోటు నుండి అదే పనిగా వచ్చే అభ్యర్థనలకు 2012లో ప్రామాణికమైన 429 సంకేతం కలదు.

ఏ చిరునామాలను మళ్లించవలెనో సర్వర్ చిట్టాయే తెలుపును. అందులో 404 పొందిన వాటిని సంఖ్యాక్రమంలో పేర్చి, అత్యధికులు వెదికిన పుటలతో పని ప్రారంభించవచ్చును.