ఒక్కడే వాయించి, ఒక్కడే అరిచి... వన్ మ్యాన్ మెటల్ ఆల్బమ్ అంటే ఏంటి?

శ్రీకాళహస్తి: డిగ్రీ చదివే కుర్రాళ్ళ ఫోన్లలో ఇప్పుడు అన్ని రకాల పాటలూ ఉంటున్నాయి. వాటిలో ఒక రకం వింటే ఇంట్లో పెద్దవాళ్ళు కంగారుపడతారు. గిటార్ రంపంలా కోస్తుంది. డ్రమ్స్‌కి ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. పాడేవాడు పాడడు, గొంతు చించుకుని అరుస్తాడు. దీన్నే ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటారు. అంత మోత వినగానే వెనక నలుగురైదుగురు ఉన్నారనిపిస్తుంది. కొన్ని ఆల్బమ్స్‌లో ఉండేది ఒక్క మనిషే.

ఇదెలా కుదురుతుంది?

మన ఊరి కలంకారీని గుర్తు చేసుకుంటే ఈజీగా అర్థమవుతుంది. బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టాలి. వెదురు కలంతో గీత గీయాలి. తర్వాత ఒక్కో రంగు వేస్తూ, మధ్యమధ్యలో ఉతుకుతూ పోవాలి. అన్నీ కలిశాకే బొమ్మ. ఇక్కడా అంతే. ముందు డ్రమ్స్ రికార్డు చేస్తారు, లేదా కంప్యూటర్‌లో తయారుచేస్తారు. దానిమీద గిటార్, తర్వాత బేస్, చివర్లో గొంతు. ఒక్కో వరుసను ట్రాక్ అంటారు. అన్ని ట్రాకులూ కలిపి వినిపిస్తే ఒక్కడే బ్యాండ్ అయిపోతాడు.

పేరు తెచ్చిన తొలి ఆల్బమ్

ఈ పద్ధతికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ నార్వేకు చెందిన బుర్జుమ్. వర్గ్ వికెర్నెస్ అనే కుర్రాడి సోలో ప్రాజెక్టు ఇది. బుర్జుమ్ అంటే టోల్కీన్ నవలల్లోని ఒక కల్పిత భాషలో చీకటి అని అర్థం. బెర్గెన్ నగరంలో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1992 మార్చిలో వచ్చింది. అప్పటికి అతని వయసు 19 ఏళ్ళు. దాదాపు అన్నీ తనే వాయించాడు, గొంతూ తనదే. ఒక పాటలో గిటార్ సోలోకి మాత్రం యూరోనిమస్ అనే సంగీతకారుడు సాయం చేశాడు. ఆల్బమ్‌ని విడుదల చేసిన కంపెనీ కూడా ఆయనదే.

ఏడాదిన్నర తిరక్కముందే, 1993 ఆగస్టులో, అదే యూరోనిమస్‌ని వికెర్నెస్ పొడిచి చంపాడు. ఆ హత్యతో పాటు చర్చిలకు నిప్పు పెట్టిన కేసుల్లో 1994లో కోర్టు 21 ఏళ్ళ శిక్ష వేసింది. 2009లో బయటికొచ్చాడు. మారాడా అంటే, లేదు. ముస్లింలు, యూదుల మీద ద్వేషం రెచ్చగొట్టే రాతలు రాసినందుకు 2014లో ఫ్రాన్స్ కోర్టు ఆరు నెలల సస్పెండెడ్ జైలు శిక్ష, 8,000 యూరోల జరిమానా విధించింది.

అందరూ ఇలాగే ఉంటారా?

ఉండరు. ముంబైకి చెందిన సాహిల్ మఖిజా 'డెమన్‌స్టీలర్' పేరుతో సోలో ప్రాజెక్టు నడుపుతున్నారు. దాని తొలి ఆల్బమ్ 2008లో వచ్చింది. 2016 ఆల్బమ్‌కి గ్రీస్ డ్రమ్మర్ జార్జ్ కొల్లియాస్ డ్రమ్స్ వాయించారు. సోలో అన్నా అవసరమైన చోట ఇలా చేయి కలిపేవాళ్ళుంటారు. అదే సాహిల్ యూట్యూబ్‌లో వంటల ఛానల్ కూడా నడుపుతారు. తెలుగు నేలమీద చూస్తే హైదరాబాద్ బ్యాండ్ 'గాడ్‌లెస్' తొలి పూర్తి ఆల్బమ్ 2021లో వచ్చింది. అది ఒక్కరిది కాదు, బ్యాండ్ మొత్తానిది. ఈ సంగీతంలో పేర్లు, అట్టమీది బొమ్మలు భయపెట్టేలా ఉండటం మామూలే. పేరు చూసి మనిషిని అంచనా వేయలేం.

ఖర్చు లెక్క

చిన్న ఊళ్ళో ఈ సంగీతం తెలిసిన డ్రమ్మర్ దొరకడం కష్టం. దొరికినా ఆ మోతకి ప్రాక్టీస్ గది ఎవరిస్తారు? ఒక్కడే చేసుకుంటే ఆ బాధ లేదు. గిటార్, కంప్యూటర్, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ ఉంటే మొదలుపెట్టొచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు చిన్న వాడకందార్లకి 60 డాలర్లు. బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో పాట అమ్మితే సైటు మామూలుగా తీసుకునే వాటా 15 శాతం. అంటే వంద రూపాయల అమ్మకంలో 15 దానికి. పేమెంట్ ఛార్జీలు పోగా మిగిలింది కళాకారుడికి.

నష్టం కూడా ఉంది. ఈ పాట బాగాలేదు, తీసెయ్ అని చెప్పే తోడు ఉండదు. మంచికైనా చెడుకైనా ఆ ఒక్కడే బాధ్యుడు.

కొనేముందు చూడాల్సింది అదే. బ్యాండ్ అయితే డబ్బు నలుగురికి పంచుతారు. వన్ మ్యాన్ ప్రాజెక్టులో మనం పెట్టే రూపాయి చాలావరకు ఒక్క జేబులోకే వెళ్తుంది. ఆ జేబు ఎవరిదో తెలుసుకోవడానికి ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే చాలు. పిల్లలు ఇలాంటివి వింటున్నారని తెలిస్తే ఫోన్ లాక్కోవడం కన్నా, ఇది ఎవరు చేశారు, పాటలో ఏమంటున్నాడు అని పక్కన కూర్చుని అడగడం మేలు. మోత వల్ల మహా అయితే తలనొప్పి వస్తుంది. ద్వేషం తలకెక్కితే అంత తేలిగ్గా దిగదు.